అమరిల్లిస్ గడ్డలు ఆకులే వేస్తున్నాయి, పువ్వు లేదు. పిలకలు ఇప్పుడు విడదీయొచ్చా?

మియాపూర్_బాల్కనీ | అక్టోబరు రెండో వారం

అందరికీ నమస్కారం. పోయినేడు జనవరిలో నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో మూడు అమరిల్లిస్ గడ్డలు తీసుకున్నాను. రెండు ఎర్రవి, ఒకటి తెలుపు మీద ఎర్ర చారలది. ఆ మార్చిలోనే మూడూ పూశాయి, కాడకు నాలుగేసి పూలు. ఈ ఏడు మార్చిలో మాత్రం ఆకులు తప్ప ఏమీ రాలేదు.

మూడూ ఒకే 14 అంగుళాల ప్లాస్టిక్ టబ్‌లో ఉన్నాయి. మట్టిలో సగానికి పైగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), మిగతాది వర్మీ కంపోస్ట్, కొంచెం ఎర్రమట్టి. గడ్డలు మెడ దాకా పూడ్చి ఉన్నాయి. తూర్పు బాల్కనీయే కానీ ఎదురు అపార్ట్‌మెంట్ అడ్డం, ఎండ పొద్దున రెండు గంటలు మించి పడదు. ఏడాది పొడవునా రోజు విడిచి రోజు నీళ్ళు. పక్కన నాలుగు పిలకలు లేచాయి. వానాకాలం నుంచి ఆకుల మీద ఎర్ర మచ్చలు కూడా కనిపిస్తున్నాయి.

పువ్వు ఎందుకు రాలేదు? పిలకలు ఇప్పుడే తీసేస్తే తల్లిగడ్డకు బలం వస్తుందా? మచ్చలకు ఏం కొట్టాలి? ఈ మూడూ చెప్పండి.

సైనిక్‌పురి_మిద్దెతోట

మొదటి ఏడాది వచ్చిన పువ్వు మీ కుండీలో తయారైంది కాదండి. ఆ మొగ్గ మీరు కొనడానికి ఏడాది ముందే, దాన్ని పెంచినవాళ్ళ పొలంలో గడ్డ లోపల కట్టేసింది. కుళ్ళి పారేయాల్సిన గడ్డ ఎప్పుడైనా చేతికొస్తే నిలువుగా కోసి చూడండి. ఉల్లిగడ్డలాగా పొరలు, మధ్యలో ఆకుపచ్చ మొలక, దాని పక్కన బియ్యపు గింజంత తెల్లటి మొగ్గ, ఇంకొంచెం లోపల అంతకంటే చిన్నది ఇంకొకటి. సుమారుగా నాలుగు ఆకులకు ఒక మొగ్గ లెక్కన కడుతుంది. కట్టిన మొగ్గ బయటికి రావాలంటే గడ్డలో తిండి నిల్వ ఉండాలి. ఆ తిండి వండేది ఆకులు. కాబట్టి మార్చిలో కనిపించే పువ్వు అంతకుముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆకులు ఎన్ని వచ్చాయి, వాటికి ఎండ ఎంత తగిలింది అన్నదాని మీద నడుస్తుంది. మీ గడ్డలు మొదటి పూతకు ఉన్న నిల్వంతా ఖర్చు పెట్టేశాయి, రెండు గంటల ఎండలో మళ్ళీ నింపుకోలేకపోయాయి.

దర్జీ టేపుతో గడ్డ చుట్టుకొలత తీయండి, లావుగా ఉన్న చోట. 20 సెంటీమీటర్ల లోపు ఉంటే పువ్వు ఆశించొద్దు. 24, 26 ఉంటే ఒక కాడ, ఒక్కోసారి రెండు. 30 దాటితే రెండు మూడు కాడలు వస్తాయి. అమ్మేవాళ్ళు గడ్డకు ధర కట్టేదీ ఈ కొలతను బట్టే.

ఎండ తర్వాత రెండో తప్పు మట్టి. కోకోపీట్ పైన ఎండినట్టు కనిపించినా లోపల తడిగానే ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో అది పిండని స్పాంజి. ఈ గడ్డకు మెడ దాకా తడి మట్టి పడదు. నాలుగు పాళ్ళు ఎర్రమట్టి, మూడు పాళ్ళు ముతక ఇసుక, రెండు పాళ్ళు బాగా మాగిన కంపోస్ట్, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల గింజలు) కలపండి. పెర్లైట్ లేకపోతే బఠాణీ గింజంత బొగ్గు ముక్కలు చాలు. 8 అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి. గడ్డకూ కుండీ అంచుకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉంటే సరిపోతుంది. పెద్ద టబ్‌లో వేర్లు అందుకోని మట్టి తడి ఆరక పుల్లబడుతుంది. గడ్డలో పై మూడోవంతు, వీలైతే సగం, మట్టి బయట ఉండాలి.

మూడోది విశ్రాంతి. మన ఊరి పండగలు దీనికి చక్కగా కుదురుతాయి. దసరాకు ఎరువు ఆపాలి. అక్కడి నుంచి నీళ్ళు తగ్గిస్తూ వచ్చి దీపావళికి పూర్తిగా మానేయాలి. కుండీని వాన జల్లు తగలని సజ్జ కిందకో మెట్ల కిందకో చేర్చండి. నవంబరులో తుపాను వానలు పడితే అప్పటిదాకా ఎండబెట్టిందంతా వృథా, అందుకే కుండీని పక్కకు పడుకోబెట్టినా తప్పులేదు. ఆకులు వాటంతట అవే పండుబారాలి. పచ్చగా ఉన్నవి కోయొద్దు, వాటిలోని సారం గడ్డలోకి దిగుతూ ఉంటుంది. పూర్తిగా పసుపెక్కాక మెడకు రెండు అంగుళాల పైన కత్తిరించండి. సంక్రాంతి వెళ్ళాక పై రెండు అంగుళాల మట్టి తీసి కొత్త మిశ్రమం వేసి, ఒక్కసారి బాగా తడపండి. మళ్ళీ మొలక రెండు అంగుళాలు లేచేదాకా పది రోజులకోసారి కొంచెమే. వేర్లు లేవకముందు నీళ్ళు ఎక్కువైతే గడ్డ అడుగు నుంచి కుళ్ళుతుంది. తడిపిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పువ్వు.

పువ్వు వాడాక ఒక్కో పువ్వునూ దాని కింద ఉబ్బిన ఆకుపచ్చ కాయతో సహా తుంచేయండి, విత్తనం కడితే గడ్డ బలం దానికే పోతుంది. కాడను మాత్రం పసుపెక్కేదాకా ఉంచండి, అదీ ఆకులాగే పనిచేస్తుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు చివరిదాకా పదిహేను రోజులకోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరుకు 2 గ్రాములు, కుండీకి పావు లీటరు. సెప్టెంబరులో రెండు సార్లు 0:0:50 (పొటాష్ మాత్రమే ఉండే ఎరువు), లీటరుకు గ్రామున్నర. ఆకు నల్లగా నిగనిగలాడాలని యూరియా వేస్తే ఆకు పొడుగు సాగి వాలిపోతుంది, గడ్డ ఊరదు. బూడిద కూడా వద్దు. మన బోరు నీళ్ళే సున్నపు నీళ్ళు, కుండీ అంచున తెల్లటి పొక్కు కట్టేది అదే. నెలకోసారి అడుగు చిల్లులోంచి ధారగా కారేదాకా నీళ్ళు పోసి ఆ ఉప్పును కడిగేయండి.

ఎండ పొద్దున కనీసం నాలుగు ఐదు గంటలు కావాలి. మీ బాల్కనీలో రాదు కాబట్టి మార్చి నుంచి కుండీలు మిద్దె మీదకు మార్చడమే దారి. ఏప్రిల్ నెలాఖరు నుంచి మృగశిర చినుకులు పడేదాకా 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కింద పెట్టండి. రోహిణి కార్తె మధ్యాహ్నపు ఎండ ఆకును తెల్లగా మాడ్చేస్తుంది.

మల్కాజిగిరి_గడ్డలు

పిలకల సంగతి నేను చెప్తాను. ఇప్పుడు ముట్టుకోకండి. ఆకులు పచ్చగా ఉన్నాయి, వేర్లు పనిలో ఉన్నాయి. ఇప్పుడు తీస్తే తల్లికీ పిల్లకూ ఇద్దరికీ దెబ్బ, పైగా తాజా గాయంతో విశ్రాంతిలోకి పోతాయి. సంక్రాంతికి మట్టి మార్చేటప్పుడే ఆ పని.

అప్పుడైనా అన్నీ తీయాలని లేదు. పిలక తల్లిగడ్డలో మూడోవంతు లావు ఉండాలి, దాని అడుగున దాని సొంత వేర్లు కనిపించాలి. మట్టి దులిపి, పిలకను బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కదిలితే సిద్ధం. కొంచెం మెలితిప్పితే అల్లం కొమ్ము విరిగినట్టు టక్కున ఊడి వస్తుంది, తల్లిమీద రూపాయి బిళ్ళ కంటే చిన్న తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ సాయంత్రానికి ఎర్రబడుతుంది, కంగారుపడకండి. ఈ జాతి గాయం తగిలిన చోటల్లా ఎరుపెక్కుతుంది. ఊపితే కదలని పిలకను కత్తితో కోస్తే దానికి వేర్లున్న అడుగు బిళ్ళ రాదు. బిళ్ళ ముక్క లేని పిలక ఉల్లిపొరతో సమానం, కుళ్ళడమే తప్ప మొలవదు.

అతుక్కుని ఉండి కత్తి తప్పనిసరైతే ప్రతి గడ్డకూ ముందు కత్తిని స్పిరిట్‌తో తుడవండి. ఒక గడ్డలో మొజాయిక్ వైరస్ ఉంటే కత్తి దాన్ని మిగతావాటికి పంచుతుంది. ఆకు మీద నిలువునా లేత పసుపు, ముదురు ఆకుపచ్చ చారలు కలగలిసి కనిపించే మొక్క ఉంటే దాన్ని విడదీయడం కాదు, సంచిలో కట్టి పారేయాలి. దానికి మందు లేదు, పేనుబంక కూడా మోసుకెళ్తుంది.

తీసిన పిలకలను సాఫ్ అనే బూజు మందు పొడి లీటరుకు 2 గ్రాములు కలిపిన నీళ్ళలో పావుగంట ముంచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టండి. వారాల తరబడి ఆరబెడితే కండ వేర్లు ముడుచుకుపోతాయి, మళ్ళీ కొత్త వేర్లు వేసుకోవాలి. పిలకకు 4 అంగుళాల కుండీ చాలు. పెద్ద గడ్డలాగా సగం బయట పెట్టకండి, మెడ ఒక్కటే పైకి కనిపించేలా నాటండి. లేదంటే వేర్లు పట్టకముందే ఒరిగిపోతుంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పెద్ద గడ్డతో పాటు పిలకలకూ దీపావళికి నీళ్ళు ఆపేస్తారు. చిన్నదానికి విశ్రాంతి అక్కర్లేదు. మొదటి రెండేళ్ళు చలికాలంలోనూ మట్టి పైన అంగుళం ఆరినప్పుడల్లా కొంచెం నీళ్ళు పోస్తూ ఆకును నిలబెట్టండి. ఒక్కో ఆకు అడుగు భాగమే లోపల ఒక పొరగా ఊరుతుంది, అలాగే గడ్డ లావెక్కుతుంది. ఇలా పెంచితే పిలక రెండు మూడేళ్ళకు పూస్తుంది, తల్లి రంగే వస్తుంది. విత్తనం నుంచి పెంచితే మూడు నాలుగేళ్ళు, రంగు ఏదొస్తుందో ముందే చెప్పలేం.

నా అభిప్రాయం అడిగితే, చోటు ఉన్నంతకాలం పిలకలను తల్లి దగ్గరే ఉంచడం మంచిది. పాత ఇళ్ళ వాకిళ్ళలో కిక్కిరిసిన ఎర్ర లిల్లీ గుంపు ఒకేసారి పది కాడలు ఎత్తేది ఎవరూ విడదీయకపోవడం వల్లే. గడ్డలు ఒకదాన్నొకటి నెట్టుకుని ఆకారం చెడినప్పుడు, లేదా ఆకులు సన్నబడినప్పుడు విడదీస్తే చాలు.

ఉప్పల్_పూలకుండీ

మచ్చల్లో రెండు రకాలు. గోరు గీసుకున్నా, ఆకు మడతపడినా వచ్చే ఎరుపు పైపైన ఉంటుంది, పెరగదు. రెండోది తెగులు, రెడ్ బ్లాచ్ అంటారు, బూజు వల్ల వస్తుంది. మచ్చ కోలగా, మధ్యలో కొంచెం లోపలికి దిగి, రోజురోజుకూ పొడుగు సాగుతుంది. మచ్చ ఉన్న చోట ఆకు వంగిపోతుంది. పూల కాడ మీద వస్తే కాడ కొడవలిలా వంకర తిరుగుతుంది. మీరు చెప్పినట్టు వానాకాలంలో మొదలైతే ఇదే అయ్యుంటుంది.

ఇది నీటి తుంపరతో పాకుతుంది. ఆకుల మీద నుంచి నీళ్ళు పోయడం ఈ రోజు నుంచే ఆపేయండి, కుండీ అంచున మట్టికి పోయండి. బాగా మచ్చలున్న ఆకులు తీసేయండి. మిగతావాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు, పది రోజుల తేడాతో రెండుసార్లు, ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టండి. గ్లవ్స్, మాస్క్ వేసుకోండి. అసలు పని మాత్రం సంక్రాంతికి గడ్డ బయటికి తీసినప్పుడు ఉంటుంది. పైనున్న ఎండు గోధుమరంగు పొరలు ఒలిచి చూడండి. కింద తెల్లటి పొర మీద కుంకుమ బొట్టులాంటి మరకలుంటే బూజు గడ్డలో దాక్కున్నట్టే. మరక పైపైన ఉంటే గీకేయండి, లోతుగా దిగితే ఆ పొర మొత్తం ఒలిచేయండి. ఒలిచిన చెత్త కంపోస్ట్ డబ్బాలో వేయొద్దు.

పొరల సందుల్లో తెల్లటి దూదిలాంటి పిండినల్లి కూడా ఉండొచ్చు. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవడమే సులువు. వానాకాలంలో ఇంకో శత్రువు లిల్లీ గొంగళిపురుగు. నల్లటి ఒళ్ళు, తెల్ల చుక్కలు, నారింజ మరకలు. పిల్ల పురుగులు గుంపుగా ఆకు పైపొర మాత్రం మిగిల్చి లోపల గీకి తింటాయి, అక్కడ ఆకు గాజు కాగితంలా పారదర్శకంగా కనిపిస్తుంది. ఆ దశలోనే ఆ ఆకు తుంచేస్తే పని అయిపోతుంది. బీటీ (గొంగళిపురుగులను చంపే బాక్టీరియా మందు) పొడి లీటరుకు 2 గ్రాములు కలిపి సాయంత్రం పూట కొట్టొచ్చు. పెద్దవై మెడలోంచి గడ్డలోకి దూరాక పైన ఏం కొట్టినా లాభం లేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా వారానికి రెండుసార్లు ఆకు తిరగేసి చూడటం కంటే మంచి మందు లేదు.

పిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇల్లైతే ఒక మాట. ఈ గడ్డ విషం, తింటే వాంతులు. మట్టి దులిపి ఆరబెట్టినప్పుడు అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది. వంటింటి ఛాయలకు తీసుకురావొద్దు.

మియాపూర్_బాల్కనీ

చాలా థ్యాంక్సండీ. టేపు పెట్టి చూశాను. చారలది 24, ఎర్రవి ఒకటి 21, ఇంకొకటి 17. ఈ 17ది నొక్కితే ఒక పక్క మెత్తగా ఉంది. ఇంకో సందేహం, గడ్డలను ఆరు వారాలు ఫ్రిజ్‌లో పెడితేనే పూస్తాయని ఒక వీడియోలో చెప్పారు, నిజమేనా? మరో చోట ఎండాకాలంలో నీళ్ళు ఆపాలని ఉంది. ఏది నమ్మాలి?

సైనిక్‌పురి_మిద్దెతోట

రెండో సలహా వేరే మొక్కది. మనం అమరిల్లిస్ అని కొనేది నిజానికి హిప్పియాస్ట్రమ్, దక్షిణ అమెరికా జాతి. వానల్లో ఆకు, పొడి చలికాలంలో నిద్ర. అసలు అమరిల్లిస్ బెల్లడోనా దక్షిణాఫ్రికాది, అది చలికాలంలో ఆకు వేసి ఎండాకాలం నిద్రపోతుంది. పేరు ఒకటే కావడంతో సలహాలు కలిసిపోయాయి.

ఫ్రిజ్ అక్కర్లేదు. వ్యాపారంగా పెంచేవాళ్ళు 13 డిగ్రీల దగ్గర ఉండే గదుల్లో ఎనిమిది నుంచి పది వారాలు ఉంచేది అన్నీ ఒకేసారి పూయాలని. మన ఇంటి ఫ్రిజ్ 4, 5 డిగ్రీలు, ఈ గడ్డకు అది మరీ చలి. పైగా పక్కన యాపిల్స్, అరటిపండ్లు ఉంటే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ లోపలి మొగ్గను పాడుచేస్తుంది. మన డిసెంబరు రాత్రుల చలి, పొడి మట్టి, ఈ రెండూ చాలు. ఒక్క మినహాయింపు, సీతాకోకచిలుకలా మెరూన్ చారలుండే పాపిలియో. అది ఏడాదంతా ఆకుతో ఉండే రకం, దానికి నీళ్ళు తగ్గించాలి తప్ప ఆపకూడదు.

మెత్తబడిన గడ్డను దీపావళి దాకా ఆపకండి, ఇవాళే తీయండి. పూసిన వెంటనే గడ్డ కొంచెం వదులైతే అది మామూలే, నిల్వ తగ్గింది కాబట్టి. అక్టోబరులో ఒక పక్కే మెత్తబడితే మాత్రం కుళ్ళు. వాసన చూడండి. మెత్తటి పొరలు ఒక్కొక్కటే ఒలుచుకుంటూ గట్టిగా తెల్లగా తగిలేదాకా వెళ్ళండి. తర్వాత తిప్పి అడుగు బిళ్ళ చూడండి. గోధుమరంగు ఉన్నంత మేర పలచగా చెక్కండి. బిళ్ళలో సగమైనా గట్టిగా ఉంటే బతుకుతుంది, మొత్తం పోతే బతకదు. సాఫ్ నీళ్ళలో అరగంట ముంచి, గాలి ఆడేచోట నీడలో నాలుగైదు రోజులు, గాయం తోలులా గట్టిపడేదాకా ఆరబెట్టి, సగం ఇసుక కలిపిన పొడి మట్టి మీద కూర్చోబెట్టండి. అడుగు మాత్రమే మట్టిని తాకాలి. వారం తర్వాత కుండీ అంచు వెంబడి కాస్త తడి, అంతే.

మల్కాజిగిరి_గడ్డలు

ముక్కలుగా కోసి పెంచడం గురించి వీడియోలు మీకు కనిపిస్తాయి, కాబట్టి ముందే చెప్తున్నా. గడ్డ పైభాగం కోసేసి, అడుగు బిళ్ళ ప్రతి ముక్కకూ వచ్చేలా నిలువునా ఎనిమిది లేదా పదహారు చీలికలు చేసి, మందులో ముంచి, చెమ్మగా పిండిన వర్మిక్యులైట్‌తో జిప్ కవర్‌లో వేసి, 25 నుంచి 28 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచుతారు. రెండు మూడు నెలల్లో పొరల మధ్య బిళ్ళ దగ్గర కందిగింజంత పిల్లగడ్డలు పుడతాయి. పద్ధతి మంచిదే. కానీ 24, 21 గడ్డల మీద చేయకండి, అవి పూసే గడ్డలు. కోస్తే ముక్కల నుంచి పువ్వుకు మళ్ళీ మూడు నాలుగేళ్ళు. కుళ్ళిన 17 మీద అసలే వద్దు, కవర్‌లోని చెమ్మకు ఒక్క ముక్క బూజు పట్టినా అన్నీ పోతాయి.

సైనిక్‌పురి_మిద్దెతోట

అవును. 24ది వచ్చే మార్చికి ఒక కాడ ఇవ్వొచ్చు. 21ది ఆకులు నాలుగుకు తగ్గకుండా ఉంటే అవకాశం ఉంది, లేదంటే పై ఏడాది. 17కు దీపావళి విశ్రాంతి లెక్క వర్తించదు, వేరు పట్టాక ఆకు వేయనివ్వండి. మూడింటినీ వేరు వేరు కుండీల్లో పెట్టి, చుట్టుకొలత, తేదీ ఐస్‌క్రీమ్ పుల్ల మీద పెన్సిల్‌తో రాసి గుచ్చండి. పెన్ను రాత ఒక్క వానకే చెరిగిపోతుంది.

ఫిబ్రవరిలో మెడలోంచి పచ్చటి మొన కనిపించినప్పుడు వేలితో తడిమి చూడండి. ఆకు మొన పలచగా, బల్లపరుపుగా ఉంటుంది. మొగ్గ లావుగా, బల్లెం మొనలా ఉబ్బి, తరచూ మెడ నడిమధ్యలో కాకుండా ఒక పక్క నుంచి లేస్తుంది. మొగ్గయితే కుండీని రెండు రోజులకోసారి పావు వంతు తిప్పుతూ ఉండండి. మీ బాల్కనీకి వెలుతురు ఒక వైపు నుంచే కాబట్టి తిప్పకపోతే కాడ అటే వాలి, నాలుగు పూల బరువుకు విరుగుతుంది.